‘టాప్ రెండు శాతం’ వార్త వెనక: సైకాలజీ ప్రొఫెసర్ సైటేషన్ల లెక్క ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఏటా సెప్టెంబర్, అక్టోబర్ వచ్చాయంటే మా తిరుపతి జిల్లా పేజీల్లో ఒక వార్త కనిపిస్తుంది. ఫలానా ఆచార్యులకు ‘ప్రపంచంలోని టాప్ రెండు శాతం శాస్త్రవేత్తల’ జాబితాలో చోటు దక్కిందని. పక్కనే శాలువా కప్పుతున్న ఫొటో. ఈ ఊరికి అలాంటి వార్తలు కొత్త కాదు. 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983 నాటి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ అన్నీ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి.

పోయినేడు ఆ వార్త చూసి మా ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు పేపర్ చేతిలో పట్టుకుని వచ్చారు. ఆయన మనవరాలు సైకాలజీ పీజీ ఆఖరి ఏడాదిలో ఉంది, పీహెచ్‌డీకి గైడ్‌ను వెతుక్కుంటోంది. “ఏం మేడమ్, ఇంటర్నెట్‌లో చూస్తే ఒక సారుకి పన్నెండు వందల సైటేషన్లు ఉండాయి, ఇంకో మేడమ్‌కి మూడు వందలే. అంటే ఈయన నాలుగు రెట్లు గొప్పాయన అనుకోవచ్చునా?” అని అడిగారు. నేను చాలా ఏళ్ళు డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెప్పాను. అయినా ఆ పూట ఆయనకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ తర్వాత కూర్చుని ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చిన సంగతులివి.

పేపర్, సైటేషన్: ముందు ఈ రెండు మాటలు

ఒక పరిశోధన చేశాక, ఏం ప్రశ్న వేసుకున్నారు, ఎవరిని అడిగారు, ఎలా కొలిచారు, ఏం తేలింది అన్నది రాసి జర్నల్‌కి పంపుతారు. అదే రంగంలో ఉన్న ఇద్దరు ముగ్గురు దాన్ని చదివి తప్పొప్పులు చెబుతారు. దీన్ని పీర్ రివ్యూ అంటారు. ఆ గడప దాటి అచ్చయితే అది పేపర్. రేపు ఇంకొకరు తమ పేపర్లో ‘ఫలానా వాళ్ళు ముందే ఇలా కనుక్కున్నారు’ అని దాన్ని పేర్కొంటే పాత పేపర్ ఖాతాలో ఒక సైటేషన్ పడుతుంది.

మెచ్చుకుంటూ పేర్కొన్నా, తప్పు పడుతూ పేర్కొన్నా లెక్కలో పడేది ఒకటే. ‘వీళ్ళ పద్ధతిలో ఈ లోపం ఉంది’ అని రెండు పేజీలు విమర్శించినా అది ఒక సైటేషనే. పదిహేను పేర్ల గుంపులో ఒక పేరుగా బ్రాకెట్లో ఇరికించినా ఒక సైటేషనే.

ఈ లెక్కను పద్ధతిగా మొదలుపెట్టింది యూజీన్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్. 1955లో ఆలోచన చెప్పి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చారు. ఒక పాత పేపర్ నుంచి దాని తర్వాత వచ్చిన పని దగ్గరకు దారి వెతుక్కోవడానికి అది పనికొచ్చేది. మనుషులకు మార్కులు వేసే అలవాటు ఆ తర్వాత బలపడింది.

హెచ్-ఇండెక్స్ ఎలా లెక్క కడతారు

మొత్తం సైటేషన్లు చూస్తే ఒక్క పేపర్ అదృష్టం మొత్తం చిత్రాన్ని మార్చేస్తుంది. పేపర్ల సంఖ్య చూస్తే పస లేనివి వంద రాసినవాళ్ళు ముందుంటారు. ఈ రెంటినీ కలపడానికి 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ ప్రతిపాదించారు. ఒకరి పేపర్లను సైటేషన్ల ప్రకారం పెద్ద నుంచి చిన్నకు పేర్చాలి. పైనుంచి లెక్కపెడుతూ, వరస సంఖ్య కంటే సైటేషన్లు తగ్గకుండా ఎంతవరకు రాగలిగామో అది హెచ్.

ఇద్దరు పరిశోధకులను ఊహించుకుందాం. ఇద్దరికీ పదేసి పేపర్లు. మొదటివారి సైటేషన్లు 60, 9, 7, 5, 4, 3, 2, 1, 0, 0. మొత్తం 91. నాలుగో పేపర్‌కి 5 ఉన్నాయి, సరిపోయింది. ఐదో పేపర్‌కి నాలుగే ఉన్నాయి, అక్కడ ఆగిపోయింది. హెచ్ 4. రెండోవారివి 12, 11, 10, 9, 9, 8, 8, 7, 6, 5. మొత్తం 85, మొదటివారికంటే తక్కువే. కానీ ఏడో పేపర్‌కి 8 ఉన్నాయి, ఎనిమిదోదానికి 7. హెచ్ 7. పరిశోధన పేపర్లను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ అనే సైట్ చూపించే ఐ10-ఇండెక్స్ అంటే కనీసం పది సైటేషన్లున్న పేపర్లు ఎన్ని అని. ఆ లెక్కన మొదటివారికి 1, రెండోవారికి 3.

అలిపిరి మెట్లెక్కినవాళ్ళకు మోకాళ్ళ పర్వతం ఎలా ఉంటుందో తెలుసు. హెచ్ కూడా అంతే, పైకి పోయేకొద్దీ ఒక్కో మెట్టు బరువెక్కుతుంది. 4 నుంచి 5కి రావాలంటే ఐదు పేపర్లకు ఐదేసి చాలు. 29 నుంచి 30కి రావాలంటే ముప్ఫై పేపర్లు, ఒక్కోదానికి కనీసం ముప్ఫై. ఇంకో సంగతి, హెచ్ ఎప్పుడూ తగ్గదు. పని మానేసినా పాత పేపర్లకు సైటేషన్లు వస్తూనే ఉంటాయి. అందుకని పాతికేళ్ళ సర్వీసున్నవాళ్ళ హెచ్‌ని ఐదేళ్ళ క్రితం చేరినవాళ్ళ హెచ్ పక్కన పెట్టి చూడటం న్యాయం కాదు.

మొదటివారి 60 సైటేషన్ల పేపర్ నిజంగా గొప్ప పని అయ్యుంటే? హెచ్ దాన్ని పట్టించుకోదు. దానికి అరవై వచ్చినా ఆరు వేలు వచ్చినా హెచ్ నాలుగే.

ఒకే మనిషికి మూడు లెక్కలు ఎందుకు

గూగుల్ స్కాలర్‌లో ఒకరికి 400 సైటేషన్లు కనిపిస్తే, సైటేషన్లు లెక్కపెట్టే వేరే డేటాబేస్‌లైన స్కోపస్‌లో 180, వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఇంకా తక్కువ ఉండొచ్చు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, పుస్తకాలు, సదస్సుల పత్రాలు, ఇంకా అచ్చు కానివి కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మిగతా రెండూ తాము ఎంచుకున్న జర్నళ్ళు, పుస్తకాలు, సదస్సుల పత్రాల వరకే చూస్తాయి. కాబట్టి అంకె చెప్పినప్పుడు ఎక్కడి అంకె అన్నది కూడా చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

మన పేర్లతో ఇంకో చిక్కు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ పొడి అక్షరంగా. పాశ్చాత్య పద్ధతిలో కట్టిన డేటాబేస్ చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. అలా ‘రెడ్డి, ఎస్.’ దగ్గర శ్రీనివాసులు, సుబ్రహ్మణ్యం, సుధాకర్, సుజాత అందరూ వచ్చి కలుస్తారు. తిరుపతిలో వెంకటేశ్వరస్వామి పేరున్నవాళ్ళు ఎంతమందో చెప్పక్కర్లేదు. ఒకరి పేపర్లు ఇంకొకరి ఖాతాలో పడటం, ఒకే మనిషి రెండు ముక్కలుగా కనిపించడం రెండూ జరుగుతాయి. ఈ బాధ తప్పించడానికే 2012లో ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య మొదలైంది.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌ది, మనిషిది కాదు

‘మా సారు పేపర్‌కి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ రెండున్నర’ అంటుంటారు. అది పేపర్‌ది కాదు, జర్నల్‌ది. ఒక జర్నల్ 2022లో 40, 2023లో 60 పేపర్లు వేసిందనుకుందాం. ఆ వందకూ కలిపి 2024లో 250 సైటేషన్లు వస్తే 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2.5. ఇది సగటు. ఆ 250లో 130 ఒక్క పేపర్‌కే వచ్చి ఉండొచ్చు, సగం పేపర్లకు ఒక్కటీ రాకపోయి ఉండొచ్చు. ఐదుగురిలో ఒకరికి 100, మిగతా నలుగురికి ముప్ఫై చొప్పున వచ్చినా సగటు 44 అయినట్టు.

అయినా ఈ అంకెకు మన దగ్గర ప్రమోషన్లలో బరువుంది. 2018 యూజీసీ నిబంధనల్లో జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1 లోపు ఉంటే పేపర్‌కి 10 పాయింట్లు, 2 నుంచి 5 మధ్య అయితే 20, 10 దాటితే 30 అని పెట్టారు. ఇద్దరు కలిసి రాస్తే ఒక్కొక్కరికి మొత్తం విలువలో 70 శాతం. దీన్ని లెక్కేసి చూడండి. ఇద్దరు స్నేహితులు విడివిడిగా చెరొక పేపర్ రాస్తే ఒక్కొక్కరికి 100 శాతం. అవే రెండు పేపర్ల మీద ఇద్దరి పేర్లూ వేసుకుంటే ఒక్కొక్కరికి 140 శాతం. కలిసి పనిచేయడాన్ని ప్రోత్సహించాలన్నది మంచి ఉద్దేశమే. పని చేయనివాళ్ళ పేరు చేరడానికి కూడా అదే తలుపు తెరుచుకుంది.

‘టాప్ రెండు శాతం’ జాబితా అసలు ఏమిటి

వార్తల్లో ‘స్టాన్‌ఫోర్డ్ ర్యాంకు’ అని రాస్తారు. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం ఇచ్చే అవార్డు కాదిది. అక్కడి ప్రొఫెసర్ జాన్ ఇయోనిడిస్, ఆయన సహచరులు స్కోపస్ సమాచారంతో తయారుచేసి అందరికీ అందుబాటులో పెట్టే డేటాబేస్. 2019 నుంచి వస్తోంది. ఎవరూ దరఖాస్తు పెట్టరు, ఎవరూ ఇంటర్వ్యూ చేయరు. కంప్యూటర్ లెక్క.

హెచ్ ఒక్కదాన్నే నమ్మకుండా ఆరు కొలతలు కలుపుతారు: మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, సహరచయితల సంఖ్యను బట్టి సవరించిన హెచ్, ఒంటరిగా రాసిన పేపర్ల సైటేషన్లు, వాటికి మొదటి పేరున్న పేపర్లు కలిపితే వచ్చేవి, వాటికి చివరి పేరున్నవి కూడా కలిపితే వచ్చేవి. పేర్ల వరసను ఇంత పట్టించుకోవడానికి కారణం ఉంది. సాధారణంగా పని ఎక్కువ చేసినవారు మొదట, ల్యాబ్ పెద్ద చివర ఉంటారు. యాభై మంది మధ్యలో ఒక పేరుగా ఉన్నవారికి ఈ లెక్కలో తక్కువ వస్తుంది. పైగా ఈ కొలతలను లాగరిథమ్‌లోకి మారుస్తారు. అంటే 10 నుంచి 100కి ఎదిగితే ఎంత కలుస్తుందో, 100 నుంచి 1,000కి ఎదిగితే దాదాపు అంతే కలుస్తుంది.

కనీసం ఐదు పేపర్లున్నవాళ్ళను 22 రంగాలు, 174 ఉపరంగాలుగా విడదీసి చూస్తారు. మొత్తం మీద మొదటి లక్షమందిలో ఉన్నా, తమ ఉపరంగంలో పై రెండు శాతంలో ఉన్నా పేరు వస్తుంది. సైకాలజీవాళ్ళను సైకాలజీవాళ్ళతోనే పోల్చడం ఇందులో మంచి విషయం. జాబితాలు రెండు: ఒకటి జీవితకాలానిది, ఇంకోటి ఒక్క ఏడాదిది. వార్తలో ఈ తేడా చాలాసార్లు ఎగిరిపోతుంది. ఎవరి పేపర్లను వారే పేర్కొన్న స్వీయ సైటేషన్లు కలిపితే ఎంత, తీసేస్తే ఎంత అన్నది కూడా అందులో పక్కపక్కనే ఉంటుంది. తప్పులు బయటపడి జర్నళ్ళు వెనక్కి తీసుకున్న పేపర్ల వివరం 2024 నుంచి చేర్చారు. ఇంత శ్రద్ధగా కట్టిన పట్టిక ఫ్లెక్సీ మీదకు వచ్చేసరికి ఒక్క ముక్కగా మిగలడం నాకు బాధగా అనిపిస్తుంది.

సైకాలజీలో దేనికి ఎక్కువ సైటేషన్లు వస్తాయి

మనసు గురించి కొత్త సంగతి కనిపెట్టిన పేపర్లకే ఎక్కువ వస్తాయని అనుకుంటాం. చాలావరకు అలా ఉండదు. పనిముట్లకు వస్తాయి. ప్రశ్నావళి ఎంత నమ్మదగినదో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా మీద 1951లో వచ్చిన పేపర్‌ని సైకాలజీ స్కాలర్లు ఇప్పటికీ పేర్కొంటూనే ఉన్నారు. ఒక కారణానికి, దాని ఫలితానికి మధ్య నడిపించే అంశాన్ని ఎలా పరీక్షించాలో చెప్పిన బారన్, కెన్నీల 1986 పేపర్‌కి గూగుల్ స్కాలర్‌లో లక్షకు పైగా ఉన్నాయి. ఒక స్కేలు, అంటే కొలిచే ప్రశ్నావళి, తయారుచేసినవారికి, పద్ధతి చెప్పినవారికి, వంద పేపర్లు చదివి సమీక్ష రాసినవారికి అంకెలు త్వరగా పెరుగుతాయి. ఊరూరూ తిరిగి ఐదేళ్ళు పిల్లలను గమనించినవారికి నిదానంగా వస్తాయి.

హెడ్మాస్టరు గారు అడిగిన ఇద్దరి పేజీలూ తర్వాత ఆయన మనవరాలితో కలిసి తెరిచి చూశాం. ఆ సారు పన్నెండు వందల్లో ఏడు వందలకు పైగా ఒక్క పేపర్‌వే. పదుల మంది కలిసి చేసిన పెద్ద సర్వే అది, ఆయన పేరు మధ్యలో ఉంది. ఆ మేడమ్ మూడు వందలు పాతిక పేపర్ల మీద పరుచుకున్నాయి, చాలావాటిలో మొదటి పేరు ఆమెదో, ఆమె విద్యార్థులదో. ఆ పెద్ద సర్వే పనికిమాలినదని కాదు, అలాంటివి లేకపోతే దేశం స్థాయి లెక్కలే తెలియవు. కానీ నాలుగు రెట్లు అన్న మాట అక్కడితో నిలబడలేదు. విద్యార్థుల పేర్లు ముందు ఉన్నాయన్న సంగతి మాత్రం ఆ పిల్ల తన నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఎక్కువమంది పేర్కొన్నంత మాత్రాన నిజమవుతుందా

సైకాలజీకి ఈ ప్రశ్న మిగతా రంగాలకంటే గట్టిగా తగిలింది. 1998లో రాయ్ బౌమీస్టర్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. బిస్కెట్లు, చాక్లెట్ల వాసన వస్తుండగా వాటిని ముట్టకుండా ముల్లంగి తినాల్సి వచ్చినవాళ్ళు, ఆ తర్వాత ఇచ్చిన చిక్కుముడిని త్వరగా వదిలేశారు. మనోనిగ్రహం ఇంధనంలా ఖర్చవుతుందన్న ఈ ఆలోచనను వేల పేపర్లు పేర్కొన్నాయి, పాఠ్యపుస్తకాల్లోకీ ఎక్కింది. నేనూ క్లాసులో చెప్పాను. 2016లో 23 ల్యాబులు, రెండు వేలమందికి పైగా మనుషులతో ఆ ఆలోచనను మళ్ళీ పరీక్షిస్తే ప్రభావం దాదాపు సున్నా. వాళ్ళు వాడిన పరీక్ష సరైనది కాదని బౌమీస్టర్ వాదించారు. చర్చ ఇంకా నడుస్తోంది.

2015లో బ్రయన్ నోసెక్ నడిపిన బృందం సైకాలజీలోని 100 అధ్యయనాలను మళ్ళీ చేసింది. మూల పేపర్లలో 97 శాతం గణాంకపరంగా చెప్పుకోదగ్గ ఫలితం చూపించాయి. మళ్ళీ చేసినప్పుడు 36 శాతమే చూపించాయి. 2021లో సెర్రా-గార్సియా, నీజీ అనే ఇద్దరు ఈ ఫలితాల పక్కన, ఇలాంటి ఇంకో రెండు ప్రాజెక్టుల ఫలితాల పక్కన సైటేషన్లు పెట్టి చూశారు. మళ్ళీ చేస్తే నిలవని పేపర్లకే సగటున 153 సైటేషన్లు ఎక్కువ ఉన్నాయి. నిలవలేదని తేలాక వచ్చిన సైటేషన్లలోనూ ఆ సంగతి ప్రస్తావించినవి 12 శాతమే. ఆశ్చర్యపరిచే ఫలితాన్ని ఎక్కువమంది చదువుతారు, ఎక్కువమంది చెప్పుకుంటారు. దాన్ని అచ్చుకు ఒప్పుకునేటప్పుడు సమీక్షకులు కూడా కాస్త మెత్తబడతారేమోనని ఆ ఇద్దరి అనుమానం.

నన్ను అన్నిటికంటే కలచివేసింది హాన్స్ ఐసెంక్ ఉదంతం. మన సిలబస్‌లో వ్యక్తిత్వం పాఠం ఆయన పేరు లేకుండా ఉండదు. ఇరవయ్యో శతాబ్దపు ప్రముఖ సైకాలజిస్టుల మీద 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో, జర్నల్ సైటేషన్ల వరకు చూస్తే ఫ్రాయిడ్, పియాజే తర్వాత మూడో స్థానం ఆయనదే. 1997లో చనిపోయారు. 2019లో లండన్ కింగ్స్ కాలేజీ విచారణ కమిటీ ఆయన సహరచయితగా ఉన్న 26 పేపర్లు నమ్మదగినవి కావని తేల్చింది. వ్యక్తిత్వాన్ని బట్టి ఎవరు క్యాన్సర్‌తో, ఎవరు గుండెజబ్బుతో చనిపోతారో చెప్పొచ్చన్న పేపర్లవి. తర్వాత డజనుకు పైగా పేపర్లను జర్నళ్ళు వెనక్కి తీసుకున్నాయి. ఆయన చేసినదంతా తప్పని దీనికి అర్థం కాదు. అన్ని వేల సైటేషన్లలో ఒక్కటీ ఆ పేపర్లకు ముందుగా అడ్డం పడలేకపోయింది, అదీ నా బాధ.

అంకెలు వద్దంటే ఏం పెట్టాలి

అంకెలను సమర్థించేవాళ్ళ మాటలోనూ బలం ఉంది. సైటేషన్ల లెక్క లేని రోజుల్లో ఎవరు గొప్ప అన్నది పరిచయాలు, సిఫారసులు, కులం, ఊరు తేల్చేవి. ఏ అండా లేని ఒక ఊరి పిల్ల ‘ఇదిగో నా పని, ఇంతమంది వాడారు’ అని చూపించగలగడం చిన్న విషయం కాదు. నిధులిచ్చే సంస్థ వెయ్యి దరఖాస్తుల్లో ప్రతి పేపర్‌నీ చదవలేదు కూడా.

అవతలివాళ్ళు చెప్పేది, అంకెనే గురిగా పెట్టుకుంటే జనం అంకెనే పెంచుతారు, పనిని కాదు అని. దీనికి మన దగ్గరే సాక్ష్యం ఉంది. పేపర్లు తప్పనిసరి అయ్యాక డబ్బు కడితే వారంలో వేసేసే జర్నళ్ళు పుట్టగొడుగుల్లా వచ్చాయి. 2018 మే నెలలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్ళను ఒక్కసారిగా తీసేసింది. తర్వాత నాణ్యమైన జర్నళ్ళకని కేర్ అనే కొత్త జాబితా పెట్టింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేస్తున్నట్టు ప్రకటించి, మంచి జర్నల్‌ను గుర్తుపట్టే బాధ్యతను సంస్థలకే వదిలింది. థీసిస్ సమర్పించే ముందు పేపర్ అచ్చు కావాలన్న నిబంధనను అంతకుముందే, 2022లో, పీహెచ్‌డీ నియమాల నుంచి తొలగించింది. మనిషిని అంచనా కట్టడానికి జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వాడొద్దని 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన ప్రకటన మీద ప్రపంచవ్యాప్తంగా వేల సంస్థలు సంతకం చేశాయి. పరిశోధనను అంకెలతో ఎలా కొలవాలో చెప్పిన 2015 నాటి లైడెన్ మానిఫెస్టో మధ్యస్థంగా మాట్లాడింది: అంకె నిపుణుల అంచనాకు తోడుగా ఉండాలి, దాని స్థానంలోకి రాకూడదు, స్థానికంగా పనికొచ్చే పరిశోధనకు రక్షణ ఉండాలి. నా మొగ్గు దీనివైపే, ముఖ్యంగా ఆ ఆఖరి మాట వల్ల.

నాలుగు సైటేషన్లు తెరిచి చూస్తే

2008లో జెఫ్రీ ఆర్నెట్ అమెరికాలోని ప్రధాన సైకాలజీ జర్నళ్ళను పరిశీలిస్తే, అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్ళే. ప్రపంచ జనాభాలో ఆ దేశాల వాటా 12 శాతం. అంటే ‘మనిషి మనసు’ అని చెప్పేది చాలావరకు వాళ్ళ మనసు గురించే. తిరుపతి హాస్టల్లో ఉండే అమ్మాయి మనసు ఆ లెక్కలోకి రావాలంటే ఎవరో ఒకరు ఇక్కడ కూర్చుని తెలుగులో అడగాలి.

నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఆ పని చేసింది. పరీక్షల భయాన్ని కొలిచే ఒక ఇంగ్లిష్ ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చింది. మొదటి ముసాయిదాలో ‘పరీక్షల ముందు ఆందోళన కలుగుతుంది’ అని రాసింది. చిత్తూరు దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక విద్యార్థిని అది చదివి, “మేం యా ఆందోళనకీ పోలేదక్కా, కాలేజీలో ధర్నా కూడా జరగలేదే” అంది. ఆ మాట కొట్టేసి ‘టెన్షన్’ అని పెట్టింది. కడుపులో అసౌకర్యం అన్నదాన్ని ‘కడుపులో తిప్పినట్టుంటుంది’ అని మార్చింది. తెలుగులోకి వచ్చినదాన్ని అసలు చూడని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లిష్‌లోకి రాయించి, తేడాలు చూసి, మళ్ళీ దిద్దింది. ఏడు నెలలు పట్టింది. ఆ పేపర్‌కి గూగుల్ స్కాలర్‌లో నాలుగు సైటేషన్లు ఉన్నాయి.

ఒకరోజు ఆ నాలుగూ తెరిచాం. ఒకటి, ఆమె గైడ్‌దే మరో పేపర్. ఈమె పేపర్ మీద కూడా ఆయన పేరు ఉంది కాబట్టి అది స్వీయ సైటేషన్. రెండోది విదేశీ సమీక్ష, పన్నెండు పేర్ల వరసలో ఈమె పేరు ఏడోది. మూడోది డబ్బు కట్టి వేయించుకునే రకం జర్నల్లోది, హాస్టల్ అమ్మాయిల్లో డిప్రెషన్ ఎక్కువని ఈమె కనుక్కున్నట్టు రాశారు. ఆమె డిప్రెషన్‌ను కొలవనే లేదు. నాలుగోది అనంతపురం వైపు ఒక విద్యార్థిని థీసిస్. ఆ అమ్మాయి ముందుగా మెయిల్ రాసి అనుమతి అడిగింది, తెలుగు ప్రశ్నావళి మొత్తం తెప్పించుకుంది, ఇంటర్ పిల్లలకు ఇచ్చి ఎలా పనిచేసిందో ఒక అధ్యాయంలో రాసింది. రెండు ప్రశ్నలు వాళ్ళకు సరిగ్గా అర్థం కాలేదని కూడా పట్టుకుంది. మావాళ్ళమ్మాయి ఆ పేజీ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకుంది, ఆ రెండు ప్రశ్నలూ ఇప్పుడు తిరగరాస్తోంది.

ఆ థీసిస్, ఆ డబ్బు జర్నల్ స్కోపస్‌లో లేవు. అక్కడ ఆమె పేపర్‌కి కనిపించేవి రెండే, గైడ్‌ది ఒకటి, పన్నెండు పేర్ల వరస ఒకటి.